పనిచేయని తీగకూ మార్కులు వేద్దాం

కొల్లిపర నుంచి తెనాలి మీదుగా రేపల్లె దాకా పొలాల్లో మోటారు స్టార్టర్ పెట్టెలు తెరిచి చూస్తే చాలా చోట్ల లోపల ఒక సిమ్ కార్డు కనిపిస్తుంది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే అరటి తోటలోనో పసుపు చేలోనో మోటారు తిరుగుతుంది. ఆ పెట్టెలో ముఖ్యమైనవి రెండు: టవర్‌తో మాట్లాడే జీఎస్ఎం మాడ్యూల్, మోటారును నడిపించే చిన్న మైక్రోకంట్రోలర్. ఆ రెండింటి మధ్య సమాచారం నడిచేది రెండు సన్నటి దారుల్లో. ఒకటి పంపడానికి, ఇంకొకటి అందుకోవడానికి. మూడోది ఉమ్మడి గ్రౌండ్. పాల కేంద్రంలో వెన్న శాతం చూపించే ఎనలైజర్ నుంచి కంప్యూటర్‌కు అంకెలు చేరేది చాలాచోట్ల ఇలాంటి తీగలోనే. నిజాంపట్నం వైపు చెరువుల దగ్గర నీటిలో ప్రాణవాయువు కొలిచే పరికరాల్లోనూ దాని అన్నదమ్ములే ఉంటాయి. దీన్ని సీరియల్ కమ్యూనికేషన్ అంటారు. ఇది ఆగినప్పుడు మోటారు బాగానే ఉంటుంది, సిమ్ బాగానే ఉంటుంది, బోర్డూ బాగానే ఉంటుంది. మాట మాత్రం అటునుంచి ఇటు రాదు. అప్పుడు మన దగ్గర జరిగేది ఒకటే: పెట్టె మొత్తం మార్చేయడం. తప్పు ఎక్కడుందో పావుగంటలో తేల్చగల మనిషి చుట్టుపక్కల దొరకకపోవడం దీనికి కారణం. అలాంటి వాళ్లు దొరకనిది పిల్లలకు తెలివి చాలక కాదు. మన చదువులో ఆ పనికి ఒక్క మార్కు కూడా లేదు.

మార్కుల మాట ఎందుకంటే, డబ్బు కొంతవరకు వస్తూనే ఉంది. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఒక్కో అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. దేశంలో అలాంటి ల్యాబ్‌లు 10,000 దాటాయి. ఐదేళ్లలో మరో 50,000 ప్రభుత్వ పాఠశాలల్లో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలకు ఆర్డినో బోర్డులు, సెన్సర్లు, త్రీడీ ప్రింటర్ అందుతాయి. మంచిదే. అయితే ఆ బల్లల మీద జరిగేది చూడండి. కిట్‌తో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మ ప్రకారం తీగలు కలుపుతారు, ఉన్న ప్రోగ్రామ్ ఎక్కిస్తారు, దీపం వెలిగితే చప్పట్లు. వెలగకపోతే మాస్టారు ఇంకో బోర్డు తీసి ఇస్తారు, లేదా పక్క గ్రూపుతో కలిసి చేయమంటారు. సైన్స్ ఫెయిర్ రోజు నడిచిన నమూనాకే బహుమతి. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ప్రాక్టికల్స్ దగ్గరికి వచ్చినా ఇదే తంతు: సర్క్యూట్ గీశావా, ప్రోగ్రామ్ రాశావా, అవుట్‌పుట్ వచ్చిందా. అవుట్‌పుట్ రానివాడి రికార్డు పుస్తకంలోకి పక్కవాడి రీడింగులు ఎలా వచ్చి చేరతాయో కాలేజీ గడప తొక్కిన ప్రతివాళ్లకూ తెలుసు. ఆ విద్యార్థి సోమరి అని కాదు. ఫలితానికే మార్కులున్న చోట, ఫలితం ఎందుకు రాలేదో వెతుకుతూ రెండు గంటలు గడపడం వాడికి నష్టం బేరం. నేను అడుగుతున్నది ఇంతే. ప్రాక్టికల్ మార్కుల్లో చెప్పుకోదగ్గ భాగం, కావాలని చెడగొట్టి ఇచ్చిన అమరికలో తప్పు వెతికి చూపినందుకు కేటాయించాలి. దానికి మొదటి పాఠంగా సీరియల్ తీగను పెట్టాలి.

సీరియల్ తీగే ఎందుకంటే, ఇందులో చెడగలిగినవి తక్కువ. పైగా ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూడొచ్చు. పంపాల్సింది ఏమీ లేనప్పుడు తీగ మీద వోల్టేజ్ ఎక్కువ స్థాయిలో నిలబడి ఉంటుంది. అక్షరం పంపే ముందు ఒక్కసారి కిందికి దిగుతుంది, అది స్టార్ట్ బిట్. తర్వాత ఎనిమిది బిట్లు వరసగా, చివర మళ్లీ పైకి వెళ్లి స్టాప్ బిట్. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కో బిట్ నిలిచేది 104 మైక్రోసెకన్లు. పంపేవాడికీ వినేవాడికీ మధ్య గడియారపు తీగ ఏదీ లేదు. ఇద్దరూ ముందే ఒకే వేగానికి ఒప్పుకుని ఉండాలి. ఇద్దరి లెక్కల్లో తేడా సుమారు ఐదు శాతం దాటితే చివరి బిట్ దగ్గరికి వచ్చేసరికి పక్క బిట్‌ను చదివేస్తారు. ఈ వేగానికి బాడ్ అన్న పేరు టెలిగ్రాఫ్ ఇంజినీరు ఎమిలే బోడో నుంచి వచ్చింది. ఆయన అయిదు బిట్ల కోడ్‌కు పేటెంట్ తీసుకున్నది 1874లో. తెలుగు పత్రికల ఆఫీసుల్లో ఒకప్పుడు రాత్రంతా టకటకలాడుతూ ఏజెన్సీ వార్తలు దింపిన టెలిప్రింటర్లు ఆ కోడ్ సంతానమే. ఈ పేజీ చదివేవాళ్లకు సీరియల్ తీగ మరీ పరాయిదేమీ కాదన్నమాట.

ఇక తప్పు వెతకడం. తెర మీద అసలేమీ రాకపోవడం ఒక జబ్బు, పిచ్చి అక్షరాలు రావడం ఇంకో జబ్బు. రెంటికీ మందు ఒకటి కాదు. ఏమీ రాకపోతే మొదట చూడాల్సింది బోర్డును కాదు, యూఎస్‌బీ తీగను. ఫోన్ ఛార్జింగ్ కోసమే చేసిన చవక తీగల్లో సమాచారం మోసే రెండు తీగలూ ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌లో పోర్టు మాత్రం కనిపించదు. పోర్టు కనిపిస్తోందంటే బోర్డుకు పోవాల్సిన తీగలు విప్పేసి, యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ మీద పంపే టీఎక్స్, అందుకునే ఆర్ఎక్స్ పిన్నులను ఒక చిన్న తీగతో కలిపేయాలి. అప్పుడు టైప్ చేసిన అక్షరం తిరిగి మనకే రావాలి. దీన్ని లూప్‌బ్యాక్ అంటారు. వచ్చిందంటే కంప్యూటర్, డ్రైవర్, యూఎస్‌బీ తీగ, కన్వర్టర్ నాలుగూ ఒక్క దెబ్బతో అనుమానం నుంచి బయటపడ్డాయి. పది పైసల తీగ ముక్కతో సగం సమస్యను పక్కన పెట్టేయడం అనే ఈ ఒక్క అలవాటు పిల్లవాడికి అబ్బితే, ఆ ల్యాబ్‌కు పెట్టిన డబ్బులో ఎంతోకొంత గిట్టినట్టే. తర్వాత గ్రౌండ్. రెండు పరికరాలకూ గ్రౌండ్ కలవకపోతే వోల్టేజ్‌ను దేనితో పోల్చి కొలవాలో అవతలి వైపుకు తెలియదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ గోడకు పెట్టినంతసేపు నడిచి, తీయగానే ఆగిపోయే వింత కేసుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆ తర్వాత మల్టీమీటర్‌తో ఊరకున్న టీఎక్స్ పిన్ను కొలవాలి. 3.3 లేదా 5 వోల్టులు చూపిస్తే చిప్ స్థాయి. మైనస్ అయిదు నుంచి మైనస్ పన్నెండు మధ్య చూపిస్తే అది 1960లో పుట్టిన ఆర్ఎస్-232 పద్ధతి. దాన్ని మధ్యలో స్థాయి మార్చే చిప్ లేకుండా నేరుగా బోర్డుకు తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. పాత పాల ఎనలైజర్ల వెనకుండే తొమ్మిది పిన్నుల సాకెట్ దగ్గర పిల్లలు చేసే ఖరీదైన పొరపాటు ఇదే.

పిచ్చి అక్షరాలు వస్తుంటే అది నిజానికి శుభవార్త. తీగ కలిసింది, కరెంటు ఉంది, ఎవరో మాట్లాడుతున్నారు. తేడా వేగంలోనో, తలకిందులైన సంకేతంలోనో ఉంది. ఒకే మీట నొక్కితే ప్రతిసారీ ఒకే తప్పు అక్షరం వస్తోందా, ఒక్కోసారి ఒక్కోటి వస్తోందా అన్నది గమనించాలి. ఒకటే తప్పు పదేపదే వస్తే అది లెక్క తప్పు, బాడ్ రేటు మార్చి చూడాలి. మారుతూ వస్తే వదులు కనెక్షనో గ్రౌండో. ఇంగ్లిష్ పెద్ద అక్షరం 'యు'ను అదేపనిగా పంపిస్తే తీగ మీద ఒకటి, సున్నా, ఒకటి, సున్నాగా సమానమైన దంతాలు వస్తాయి. దాన్ని కొలిస్తే అవతలివాడి అసలు వేగం తెలిసిపోతుంది. ఇక జీఎస్ఎం మాడ్యూల్‌కు 'ఏటీ' అని పంపితే 'ఓకే' అని జవాబు రావాలి. వచ్చినట్టే వచ్చి, ఫోన్ కలిసే సమయానికి ఆగిపోతుంటే తప్పు సీరియల్ తీగది కానే కాదు. సిమ్800 రకం మాడ్యూళ్లకు 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య సరఫరా కావాలి, టవర్‌తో మాట్లాడే క్షణంలో రెండు ఆంపియర్ల దాకా లాగుతాయి. సరఫరా అంత ఇవ్వలేకపోతే వోల్టేజ్ కుంగి మాడ్యూల్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. కొన్నయితే 'అండర్ వోల్టేజ్' అని అదే తీగలో చెప్పి మరీ ఆగిపోతాయి. ఆ చివరి మాట వినేవాళ్లు లేక ఎన్ని స్టార్టర్లు తుక్కులోకి పోయాయో!

ఇక్కడో చిక్కు ఉంది, దాన్ని దాచడం సరికాదు. తప్పు వెతికే పరికరమే తప్పుదారి పట్టించొచ్చు. ఇయాన్ లెస్నెట్ 2008లో డిజైన్ మొత్తం అందరికీ విడుదల చేసిన బస్ పైరేట్ అనే చిన్న బోర్డు ఉంది. ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్లకు ప్రపంచమంతటా తెలిసిన పరికరం. యూఎస్‌బీకి తగిలించి మామూలు టెర్మినల్‌లో అక్షరాలు టైప్ చేస్తే చాలు, అది సీరియల్, ఐటూసీ, ఎస్పీఐ భాషల్లో చిప్పులతో మాట్లాడి పెడుతుంది. వోల్టేజ్ కూడా కొలుస్తుంది. లేచిన వెంటనే తన పిన్నులన్నీ దేన్నీ తోయకుండా, లాగకుండా ఉంచుతుంది. అవతలి బోర్డుకు హాని చేయకూడదన్న జాగ్రత్త అది. ఆ జాగ్రత్తే కొత్తవాళ్లను ముంచుతుంది. పాత మోడళ్లలో సీరియల్ మోడ్ ఎంచుకునేటప్పుడు అది అవుట్‌పుట్ రకం అడుగుతుంది. ఎంటర్ కొట్టేస్తూ పోతే ఓపెన్ డ్రెయిన్ అన్నది ఖాయమవుతుంది. అంటే కిందికి లాగగలదు తప్ప పైకి తోయలేదు. పుల్-అప్ రెసిస్టర్ లేకపోతే అవతలికి ఒక్క అక్షరం పోదు. ఇంకా ఉంది. ఆ మోడళ్లలోనే, వచ్చిన సమాచారం తనంతట తాను తెర మీదికి రాదు, వినమని విడిగా ఆదేశం ఇవ్వాలి. వాటిలో పారదర్శక వంతెన అనే మోడ్‌లోకి వెళ్తే వెనక్కి రావడానికి తీగ పీకి పెట్టడం తప్ప దారి లేదు. అలవాటు లేనివాళ్లు పరికరం చచ్చిపోయిందనుకుంటారు. వేర్వేరు అమ్మకందార్లు దీనికి ఇచ్చిన తీగల గుత్తుల్లో రంగుల వరస ఒకదానికొకటి తలకిందులుగా కూడా వచ్చింది. ఇవన్నీ పరికరం లోపాలని తిట్టుకోవచ్చు. నాకు మాత్రం ఇవి పాఠానికి కావాల్సిన ముడిసరుకులా కనిపిస్తాయి. కొలిచేదాన్ని ముందు తెలిసిన దానితో సరిచూసుకోకుండా, తెలియనిదాన్ని కొలవకూడదని పుస్తకంలో చదివితే ఎక్కదు. టీఎక్స్, ఆర్ఎక్స్ కలిపి చూసి అక్షరం తిరిగి రానప్పుడు ఎక్కుతుంది.

"ఇంత గొడవెందుకు, బోర్డు రెండు మూడొందలు, పోతే కొత్తది కొంటాం" అన్నది నేను వినే మొదటి అభ్యంతరం. లెక్క ప్రకారం వాళ్లది తప్పు కాదు, బోర్డు చవకే. కానీ తప్పు బోర్డులో లేకపోతే కొత్త బోర్డు కూడా అలాగే మూగబోతుంది. దీనికి ప్రపంచం చూసిన సాక్ష్యం ఉంది. యూఎస్‌బీ-సీరియల్ చిప్పులకు పేరున్న స్కాట్లండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా ఒక డ్రైవర్ వదిలింది. అది తమ చిప్‌కు నకళ్లను గుర్తించి, వాటి గుర్తింపు సంఖ్యను సున్నా చేసింది. నిన్నటిదాకా నడిచిన పరికరాలు ఎవరూ ముట్టుకోకుండానే కంప్యూటర్‌కు కనిపించడం మానేశాయి. గగ్గోలు పుట్టాక ఎఫ్‌టీడీఐ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. 2016లో ఇంకో రకం డ్రైవర్ వచ్చింది. ఈసారి నకలు చిప్ దొరికితే అసలు సమాచారానికి బదులు 'ఇది అసలైన పరికరం కాదు' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యాన్ని తీగలోకి పంపేది. నకలు చేసినవాడు తప్పు చేశాడు సరే, ఆ చిప్ నకలో అసలో తెలియకుండా కొన్న పాల కేంద్రం నిర్వాహకుడు ఏం చేశాడు? అలాంటి రోజున పెట్టెలు మార్చుకుంటూ పోయినవాళ్ల డబ్బే పోయింది. డ్రైవర్‌ను అనుమానించినవాళ్లు బయటపడ్డారు. పైగా చవక అన్న మాట బోర్డుకే వర్తిస్తుంది. స్టార్టర్ ఆగితే రైతుకు పోయేది బోర్డు ధర కాదు, ఒక తడి. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి కొల్లిపర, కొల్లూరు లంకలు మునిగాయి. అలా మునిగిన కరెంటు పెట్టెల్లో తుప్పు పట్టిన కనెక్టర్ ఏది, నిజంగా కాలిన చిప్ ఏది అని వేరు చేయగల చేతులుంటే కొన్నయినా మిగులుతాయి.

రెండో అభ్యంతరం మాస్టార్ల నుంచి. తప్పు వెతకడం అనుభవంతో వచ్చేది, నేర్పితే వచ్చేది కాదు, దానికి మార్కులెలా వేస్తామని. ఇందులో సగం నిజం ఉంది. మోటారు మోత విని బేరింగ్ పోయిందని చెప్పే మెకానిక్ చెవిని సిలబస్‌లో పెట్టలేం. కానీ వరస నేర్పొచ్చు. మార్కులు వేయడం అనుకున్నంత కష్టమూ కాదు. ఒక అమరికలో టీఎక్స్‌ను టీఎక్స్‌కే కలిపి ఉంచండి. ఇంకోదానిలో గ్రౌండ్ తీసేయండి. మరోదానిలో ఒకవైపు 9600, అవతల 115200 పెట్టండి. ఇంకో బల్ల మీద ఆర్డినో యూనో 0, 1 పిన్నులకు మాడ్యూల్ తగిలించి ప్రోగ్రామ్ ఎక్కించమనండి. కంప్యూటర్ కూడా అదే తీగ వాడుతుంది కాబట్టి చాలాసార్లు ఎక్కదు. విద్యార్థి రాయాల్సింది మూడే: ఏం చూశాను, దేన్ని అనుమానించాను, ఆ అనుమానం తేల్చడానికి ఏం చేస్తే ఏం తేలింది. ఒకేసారి రెండు మార్పులు చేస్తే మార్కు తగ్గించండి. తప్పు దొరక్కపోయినా, నాలుగు అనుమానాలను సరిగ్గా కొట్టేసినవాడికి సగానికి పైగా ఇవ్వండి. గుడ్డిగా తీగలు పీకి పెడితే అదృష్టం కొద్దీ నడిచినవాడికి సున్నాకు దగ్గరగా ఇవ్వండి. ఈ చివరిది కొందరికి కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కానీ దానంతట అది నడిచింది దానంతట అదే ఆగుతుంది. ఇందులో ఇంకో లాభమూ ఉంది: పక్కవాడి రికార్డు చూసి రాయడం కుదరదు, ఒక్కో బల్ల మీద ఒక్కో తప్పు.

సీరియల్ పాతబడిపోయింది, ఇప్పుడంతా వైఫై, బ్లూటూత్ అనేవాళ్లూ ఉన్నారు. వైఫై బోర్డుల్లో ఎక్కువ వాడే ఈఎస్‌పీ32కు మొదటిసారి ప్రోగ్రామ్ ఎక్కించేది మామూలుగా సీరియల్ దారిలోనే. అది లేచేటప్పుడు తన బాధ చెప్పుకునేది కూడా ఆ తీగలోనే. జీపీఎస్ మాడ్యూల్ అక్షాంశ రేఖాంశాలు చెప్పేదీ అలాగే. గాలిలో మాట ఆగినప్పుడు లోపల ఏం జరిగిందో వినడానికి చాలా పరికరాలకు మిగిలిన కిటికీ ఇదొక్కటే. ఇక కృత్రిమ మేధను అడిగితే చెబుతుంది కదా అంటారు. చెబుతుంది, అనుమానించాల్సిన జాబితా మనిషి కంటే వేగంగా ఇస్తుంది. కానీ టీఎక్స్ పిన్ను మీద ఎన్ని వోల్టులున్నాయో దానికి తెలియదు. కొలిచి చెప్పాల్సింది మనం. 'పనిచేయడం లేదు' అని అడిగినవాడికి వచ్చే జవాబు వేరు, 'ఊరకున్నప్పుడు టీఎక్స్ మీద 3.3 ఉంది, లూప్‌బ్యాక్ సరిగ్గా వస్తోంది, బోర్డు తగిలిస్తే మాత్రం ఏమీ రావడం లేదు' అని అడిగినవాడికి వచ్చే జవాబు వేరు. ఆ రెండో ప్రశ్న అడగడమే మనం నేర్పాల్సిన విద్య.

నేర్పేవాళ్లు ఎక్కడున్నారన్నది మాత్రం బరువైన అభ్యంతరం. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. సైన్స్ టీచర్‌కు ఉన్న పనులకు తోడు ఇదొకటి నెత్తిన పెట్టి సర్క్యులర్ పంపితే అది కాగితం మీదే ఉంటుంది. అయితే ఈ ప్రాంతానికి ఉన్న వసతి చాలా ప్రాంతాలకు లేదు. వడ్లమూడిలో డెయిరీ, విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. బాపట్లలో ఇంజినీరింగ్ కాలేజీతో పాటు వ్యవసాయ ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉంది. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే తెనాలిలో చేతిపని తెలిసినవాళ్లకు కొదవ లేదు. మోటారు వైండింగ్ షాపుల్లో, సెల్ రిపేరు కొట్లలో కూర్చున్నవాళ్లు తప్పు వెతకడంలో మన రికార్డు పుస్తకాలు చూడని పద్ధతులు రోజూ వాడుతున్నారు. నెలకు ఒక పూట వాళ్లను బడికి పిలిచి, గౌరవ వేతనం ఇచ్చి, పిల్లల ముందు ఒక చెడిన స్టార్టర్ విప్పించడానికి టింకరింగ్ ల్యాబ్ నిర్వహణ నిధుల్లోంచి ఖర్చు పెట్టడానికి అనుమతి ఇవ్వొచ్చు. చివరి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో కొన్నయినా కొత్త నమూనాలు కాకుండా, చుట్టుపక్కల పాల కేంద్రాల్లో మూలపడిన పరికరాల తప్పుల చిట్టాగా ఉండొచ్చు. అలాంటి చిట్టా తెలుగులో అచ్చయితే దావులూరులో పిల్లవాడికీ మున్నంగిలో మెకానిక్‌కూ ఒకేలా పనికొస్తుంది.

కొనుగోళ్ల విషయంలోనూ ఒక మాట. త్రీడీ ప్రింటర్ ఒకటి వచ్చేసరికి ల్యాబ్ నిండినట్టు ఫోటోలో బాగుంటుంది. దాని ధరలో కొంత భాగంతోనే ప్రతి బల్లకూ ఒక మల్టీమీటర్, ఒక యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్, ల్యాబ్ మొత్తానికి ఒక లాజిక్ ఎనలైజరో బస్ పైరేట్ లాంటిదో వస్తాయి. ప్రింటర్ వద్దని కాదు, వరస మారాలంటున్నాను. పరీక్షలు పెట్టే బోర్డులకు, ల్యాబ్‌లున్న బళ్ల ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం చిన్నది. ఈసారి ప్రాక్టికల్స్‌లో బల్లలన్నీ సరిగ్గా అమర్చకండి. ఒక్క బల్ల మీద గ్రౌండ్ తీగ తీసేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, కనిపెట్టినవాళ్లకు పది మార్కులు పెట్టండి.